ఎర్ర లైటు పచ్చబడేలోగా

ఆరు నెలలొస్తుందని అట్టపెట్టె మీద రాశారు.
చీమకుర్తిలో పదకొండు రోజులు.

రాసినోళ్ళకి మా వీధి తెలీదు.
బండరాయి మోసుకుంటూ లారీ పోతుంది,
బెల్లు కన్ను తెరుస్తుంది.
ఖాళీగా తిరిగొస్తుంది,
మళ్ళీ తెరుస్తుంది.
పందికొక్కు, పాల ప్యాకెట్ల పిల్లాడు,
గాలికి దొర్లే సిమెంటు సంచి,
అందరూ మన ఇంటికే వస్తున్నారనుకుని
తెల్లారేసరికి నీరసపడిపోతుంది.

సోలార్ ప్యానెల్ తెచ్చి బిగించాడు మా ఆయన.
ఎండకేం కరువు ఇక్కడ, అన్నాడు.
నిజమే. దుమ్ముకీ కరువు లేదు.
రాళ్ళు కోసే మిషన్ల బూడిద
రెండు రోజుల్లో దానికి విభూతి పూసింది.
కొంగుతో తుడిస్తే
గీతలు మిగిలాయి.

మాలకొండయ్య వచ్చి గోడలో పాత వైరు లాగి చూశాడు.
"దీనికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలమ్మా.
తక్కువ పోతే మిణుకుతుంది, ఎక్కువ పోతే మాడుతుంది.
ఒంగోలు పోయినప్పుడు తెస్తాలే."
ఒంగోలు ఎంత, ఇరవై కిలోమీటర్లు.
ఉగాదికి చెప్పిన మాట.
ఆవకాయ జాడీలకి వాసెన కూడా కట్టేశాం.
గోడలోంచి రెండు వైర్లు
బొద్దింక మీసాల్లా ఇంకా అట్టాగే.

అందుకని పదకొండో రోజు
పోపులడబ్బాలో మెంతుల పక్కన దాచిన
బుల్లి స్క్రూడ్రైవర్ తీస్తాను.
అరచేతిలోకి ఊడొస్తుంది బెల్లు,
అప్పుడే పెట్టిన గుడ్డంత వెచ్చగా.
మిక్సీ పక్కన ప్లగ్గులో పెడితే
ఎర్ర లైటు.
నిండడానికి నాలుగు గంటలు.
నడిమధ్యలో కరెంటు పోతే అయిదు.

మా ఆయన క్వారీలో, క్రేన్ మీద.
జేబులో ఫోను, ఫోనులో మా గుమ్మం.
"పంచె కట్టుకున్నాయన ఎవరు?"
చీటీ డబ్బులకి.
"పదకొండున్నరకి యాడికి పోయావు?"
కరివేపాకుకి.
చెడ్డోడేం కాదు.
పక్క వీధిలో తాళం పగిలినప్పుడు
ఈ బెల్లు కొనమని పోరింది నేనే.
కాకపోతే ఆ కన్ను
బయటి నుంచి వచ్చేవాళ్ళనే చూస్తుందనుకున్నా.
లోపలి నుంచి పోయేవాళ్ళని కూడా లెక్కపెడుతుందని
అప్పుడు తట్టలా.

ఇవాళ దాని చోట నాలుగు రంధ్రాలు.
తలుపు మీద రెండు దెబ్బలు, ఆగి ఇంకోటి.
ఖాసింబీ తప్ప ఎవరూ అట్టా కొట్టరు.
"నిద్రపోయిందా మీ కాపలాది?"
"వంటింట్లో పాలు తాగుతుంది."
బెల్లు ఉన్న రోజుల్లో
ముసుగు సర్దుకుని, గొంతు తగ్గించుకుని వచ్చే మనిషి
గుమ్మంలోనే పగలబడి నవ్వింది.

ఆమె స్కూటీ. ఆమె వెనక, నేను ముందు.
రామతీర్థం రోడ్డు మీద, లారీలు అన్నానికి ఆగే వేళ.
మొదటి చార్జింగుకి బ్రేకు.
రెండో దానికి మోకాలు గీరుకుపోయింది;
గడప తగిలిందని చెప్పా.
నాలుగో దానికి ముప్పై దాటింది ముల్లు,
ఖాసింబీ నా నడుం పట్టుకుని
"అల్లా, అల్లా" అంది, భయమో సంబరమో.

ఇది ఆరోది.
తిరిగొచ్చేసరికి పచ్చ లైటు.
ఎప్పుడు పచ్చబడిందో మరి.
కాళ్ళు కడుక్కుని, కాసిని మంచినీళ్ళు తాగి
అప్పుడు తీశా ప్లగ్గు.

చివరి స్క్రూ తిప్పుతుంటే ఫోను.
మాలకొండయ్య.
"ట్రాన్స్‌ఫార్మర్ దొరికిందమ్మా!
రేపే వచ్చి బిగిస్తా.
ఇంక చార్జింగనే మాటే ఉండదు నీకు."

"తొందరేముంది మాలకొండన్నా," అన్నా,
"ఎండలు తగ్గినాక రా."

మలుపులో కాలు కింద పెట్టకుండా తిప్పడానికి
ఇంకా రెండు చార్జింగులన్నా కావాలి.