విడిచిన పొగ

కుతాయిసిలో సిగ్నల్ పడితే చాలు
ఎతేరి పాత ఓపెల్
చలిజ్వరం మనిషిలా వణుకుతుంది.
కొండ ఎక్కేటప్పుడు ఏ పేచీ లేదు.
చదును దారిలో, ఎనభై మీద,
సుఖంగా పోతున్నప్పుడే
గుంజుతుంది.

ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు,
పెట్రోలు బంకువాణ్ణి తిట్టారు.

నోదార్‌కి చెవుడు.
స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి
పిడి దవడకి నొక్కుకుని
కళ్ళు మూసుకున్నాడు.
చాలాసేపటికి,
"కొండెక్కితే బాగుంటుందన్నావు కదూ?"

ఒక వాల్వు విప్పాడు.
మూతపడనివ్వకుండా మసిబెడ్డ,
మిరియపు గింజంత.
"పాపం, విడిచిన పొగనే
మళ్ళీ పీలుస్తోంది."

"రెండేళ్ళూ ఇదేనా!"
ఎతేరి దాన్ని గోటితో చిదిమింది.
వేలి నలుపు
డబ్బిచ్చేటప్పుడు
నోటు మీద పడింది.
అతను తుడవలేదు.