గుణుపూర్ లేబులో ఒక అంకె

చెయ్యి చాపితే నా బల్ల నిండిపోయింది.
నరం కోసం వెతకక్కర్లేదు,
ఎండాకాలం వంశధార పాయలా
పైకే ఉంది.

కాయితం మీద దాలినాయుడు,
జిమ్ములో డాలీ భాయ్.
వచ్చే నెల బరంపురంలో పోటీ.
నెత్తి మీద ఎప్పుడూ టోపీ.

ఐసు డబ్బాలో సాయంత్రం బస్సెక్కిన రక్తం
మూడోనాడు అంకెగా తిరిగొచ్చింది,
పక్కన పైకి చూసే బాణంతో.
టెస్టోస్టిరాన్ అంత ఎత్తున నేనూ చూళ్ళేదు.
"విటమిన్ల మహిమ అక్కా!" అని
ఆ కాయితానికి ఫొటో తీసుకున్నాడు,
పెళ్లిచూపులకి పంపడానికన్నట్టు.

"జుట్టు రాలకుండా ఏటైనా మింగుతున్నావేటి?"
టోపీ సర్దుకున్నాడు.
సంచీ అడుగునుంచి తీశాడు:
బయోటిన్, పదివేల మైక్రోగ్రాములు,
డబ్బా మీద సింహం.

"నీ ఒంట్లో ఇది ఏం చేసిందో గానీ
ఆ మిషన్ని మాత్రం మాయ చేసుంటాది.
వారం రోజులు మానేసి రా."

ఎనిమిదో పొద్దున పరగడుపున వచ్చాడు.
అదే నరం, అదే సూది, అదే బస్సు.
ఈసారి బాణం లేదు.
సంతలో చింతపండు బస్తాలెత్తే కుర్రాళ్ళకీ
మా తమ్ముడికీ ఉండే అంకె.

దాన్ని చాలాసేపు చూశాడు,
ఎవరో తన బట్టలు తొడుక్కుని ఎదురైనట్టు.
"అయితే ఈ కండలు...?"
"అవి నువ్వెత్తిన ఇనుము," అన్నాను.
"బాగున్నావు, ఏం పరవాలేదు" అని మాత్రం
ఒడియాలో చెప్పాను,
తెలుగులో అంటే ఓదార్పులా వినబడుతుందని.

డబ్బులు తియ్యబోతే వద్దన్నాను.
గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు,
మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని:
"ఆ మొదటి కాయితం... నా ఫోన్లో ఉంచుకోనా అక్కా?"

ఉంచుకోమన్నాను.
సింహం నా బల్ల మీదే ఉండిపోయింది,
జూలు చెదరకుండా.