గేసు నింపబడును

గుణుపురం స్టేషన్ బయట
మా నాన్న ఢిల్లేశ్వరరావు ఆస్తి
ఒక రేకుపెట్టె, ఒక గేసు డబ్బా, సన్నటి డ్రిల్లు సూది.
పెట్టె మూత మీద తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి
ఒకటే మాట:
గేసు నింపబడును.
ఒడియా అక్షరాలు గుండ్రంగా కుదిరేయి.
తెలుగువి చోటు చాలక చివర్న వంగిపోయేయి.

అయిపోతే పారేయమని కంపెనీవాడు చేసిన లైటరుకి
అడుగున ఇంత రంధ్రం పొడిచి
ఇత్తడి వాల్వు బిగించి
బుస్సుమని నింపి
చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు,
బుట్టలో పాముందో లేదో వింటున్నట్టు.
రెండు రూపాయలు.
"పారేయడానికి ఏటుందిరా ఇందల?
గుల్ల బాగుంది. గాలే పోయింది."

ఆ పెట్టె ఉన్నచోటే ఇప్పుడు నా మొబైల్ కొట్టు.

మొన్న బిభూతి వచ్చాడు,
ఇంజినీరింగ్ మూడో ఏడు,
జేబులోంచి ఏడు గొట్టాలు తీసి అద్దం మీద పోశాడు,
తిరణాల్లో బూరాల రంగులు.
"భాయినా, వీటిల్లో బేటరీలు పనికొస్తాయా?"
ఎక్కడ కొన్నావని నేనడగలేదు, వాడూ చెప్పలేదు.
అమ్మకూడదన్న సరుక్కి బిల్లుండదు.

బ్లేడుతో ఒకటి చీల్చాను.
మామిడి వాసన.
ఏ కొండ మీదా కాయని మామిడి.
తడిదూది కింద, వేలంత సెల్లు.
మీటరు పెడితే మూడుంపావు చూపించింది.
చావలేదది!
మళ్లీ మళ్లీ చార్జింగు ఎక్కగలిగే దాన్ని
చార్జింగు దారి లేకుండా మూసి అమ్మేరు.

"ఏడు కొనే బదులు నింపుకునేది ఒకటి కొనుక్కోరాదా?"
"దానికి రసం పొయ్యాలి, దూది మార్చాలి, కడగాలి.
ఎవడు చేస్తాడు భాయినా?"

మా నాయినమ్మ చేసేది.
చిన్నరైల్లో పర్లాకిమిడి నుంచి ఇక్కడికి
ఒకటే చుట్ట, నిప్పువైపు నోట్లో పెట్టి,
గాలికి ఆరకుండా, పక్కవాళ్ల చీర కాలకుండా.
కాశీనగర్ దాటేక ఆర్పి చెవిమీద పెట్టుకునేది,
మిగతాది రేపటికి.
పారేయడం అన్న పని ఆవిడకి చేతకాదు.
ఆఖర్న అంగిలి కాలిపోయి
గంజి కూడా మింగలేకపోయింది.
ఇది వాడికి చెబుదామనుకున్నాను.
సగం కథ ఇటు తూగుతోంది, సగం అటు.
చెప్పలేదు.

నాన్న సంగతీ చెప్పలేదు.
బరంపురం ఆస్పత్రిలో డాక్టరు
ఎక్స్‌రే ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే
నాన్న దాన్ని కింద నుంచి పైకి వెతుక్కున్నాడు,
పాత అలవాటు.
సూది దించడానికి ఎక్కడా చోటు దొరకలేదు.

పది రోజులకి బిభూతి మళ్లీ వచ్చాడు.
చేతిలో ఉక్కుది, కొత్తది, నింపుకునేది.
"ఇక ఇదొక్కటే."
ఏదో గెలిచిన ముఖం.
సంతోషించాలా? కొంచెం సంతోషించాను.
ఏడు గొట్టాలు వంశధార ఒడ్డున పడకుండా ఆగాయి కదా.

"ఒక పని చెయ్యి," అన్నాను,
"నింపాల్సి వచ్చినప్పుడల్లా ఇక్కడికొచ్చి నింపుకో.
నాకు డబ్బులొద్దు. తేదీ రాసుకుంటాను."
"ఎందుకు?"
"ఊరికే."
పారేసేవాడికి లెక్కుండదు.
నింపేవాడికి కనీసం మూత తిప్పే క్షణం ఒకటుంటుంది,
అప్పుడు తన వేళ్లని తను చూసుకోవచ్చు.

రీచార్జి పుస్తకం చివరి పేజీలో రాస్తున్నాను.
నాలుగు, ఏడు, పది.
తర్వాత పందొమ్మిది. ఆ తర్వాత ఇరవై ఒకటి.
మధ్యలో పరీక్షలో, మనసో, డబ్బుల్లేకో,
నేనడగను.

ఆ ఏడు సెల్లులూ కలిపి దీపం చేశాను.
నిన్న రాత్రి కరెంటు పోతే వేశాను.
నాన్న పెట్టె మూత మీద పడింది వెలుగు,
ఒడియా చెరిగిపోయింది, తెలుగు చివర వంగిన 'ను' ఒక్కటే మిగిలింది.
కాసేపటికి దీపం వేడెక్కి
కొట్టంతా మామిడి వాసన.
తలుపు తీసిపెట్టాను.