తొంభై రెండున్నర

ప్రకాశం బజార్ల నా దుకాణం మూరెడు.
సొమ్ము వెడితె మిషిని సూస్తది, చీటి ఇస్తది.
బంగారమెంత, వెండెంత, రాగెంత.
అబద్ధం జెప్పే నోరు దానికి లేదు,
నాకుంది గని ఎక్కువ వాడ.

నా మీది అర్రల నిమాయ్ కర్మకార్.
ఘాటాల్ నుంచి పన్నెండేండ్లప్పుడొచ్చిండట,
ఒళ్లె మరమరాల మూట,
జేబుల మామ రాసిచ్చిన అడ్రసు, అది గూడ తప్పు.
ఇరవై ఎనిమిదేండ్లాయె నల్లగొండల.
ఇంకా నన్ను జూసి "అక్క వచ్చిండు" అంటడు.
దిద్దుడు నేనే మానేసిన.

ఒకప్పుడు పుస్తెలు, గుండ్లు, కాళ్ల కడియాలు జేసిండు.
అచ్చుల సరుకు పెట్టెలల్ల దిగినంక
బజారంత ఊదుగొట్టాలు సల్లారినయ్,
మా నాయినది గూడ.
నాయిన కొన్నొద్దులు వాణ్ణి తిట్టిండు,
తర్వాత వాని పట్టకారే అరువడిగిండు.

అప్పుడొచ్చిన్రు ఈ పోరగాండ్లు,
మైకు వట్టి ఊపిరి దియ్యకుంట మాటలు దంచేటోళ్లు.
మిర్యాలగూడ హమాలి కొడుకు
వాళ్ల నాయిన బస్తాల కొక్కెం దెచ్చి
"గిట్లనే ఉండాలె, గని మెరవాలె" అన్నడు.
బోరుబండి మీద పనిజేసేటోడు
డ్రిల్లు బిట్టు లాకెట్టు జేయించుకోని
నీళ్లు వడలేదు, పైసలు వడలేదని
ఆర్నెల్లు బాకీ వెట్టిండు.
వెండి మీద పచ్చ పూత, సూరత్ రాళ్లు.
అన్ని నా మిషిని కిందికెల్లి వోయినయే.
వీడియోల జూసినోళ్లు కిలో బంగారమని నోరు దెరుస్తుంటె
నేను చీటీలు బిస్కెట్ డబ్బల వెట్టి మూతేసిన.

మర్రిగూడ లింగస్వామి మొన్న ఎండకాలం వచ్చిండు.
మైకు కాడ వాని పేరు ఎంసీ బొక్క.
ఫోన్ల ఎక్సరే సూయించిండు,
నాయినమ్మ వెన్నుబొక్క.
"గొలుసుకు గిది ఏలాడాలె."

నిమాయ్ నెల రోజులు కూసున్నడు.
ఒక్కో పూస ఒక్కో తీరు,
పూసకు పూసకు నడుమ కీలు,
అరచేతిల వోస్తె పాము లెక్క జారింది.
లింగస్వామి మెడలేసుకున్నడు,
అద్దంల సూసుకున్నడు, తీసి బల్ల మీద వెట్టిండు.
"అన్నా, ఇది మంచిగున్నోళ్లది.
మా ముసల్ది నా మొకం జూసి తొమ్మిదేండ్లు.
చెప్పుల్ని వట్టి గుర్తువడ్తది నన్ను."

నిమాయ్ ఏం మాట్లాడలే.
అంగి ఇడిసి గోడదిక్కు తిరిగిండు,
నా చేతికి సన్న తీగె ఇచ్చిండు.
"అక్క, మెడ నుంచి నడుము దాంక కొలుస్తడు."

నాకు సిగ్గయింది. అయినా కొలిచిన.
దీపం మీదికి వంగి వంగి
ఆ వీపు దీపం దిక్కే ఉండిపోయింది.
భుజాల నడుమ తీగె ఆనలే,
రెండోసారి వంచాలెనాయె.
వాళ్ల ఊరి నీళ్లు మంచియేనట, అడిగిన.

ఎక్సరే పక్కన తీగె వెట్టిండు, ఇంకింత వంచిండు.
కీళ్లన్నిట్ల టంకం వోసి మూసిండు.
ఇగ అది జారదు, ఊగదు,
పిలగాడు ఎగిరితె రొమ్ము మీద టకటక గుద్దుతది.

కొండవోతె లింగస్వామి ఇంకో మాటన్నడు:
గొలుసు బొడ్డు దిగాలె, మోకాళ్ల దాంక వచ్చినా మంచిదే,
నిలవడ్డప్పుడు ముసల్దానికి కనవడాలె.
ఆ మూరెడు వెండికి నిమాయ్ పైసలడగలే.
లెక్కల నేను రాయలే.

పాట వచ్చింది. సగమే అందింది నాకు, అంత ఉరుకుడు.
నడుమ ఒక్క తాన బీటు ఆపిన్రు,
వెండి చప్పుడొక్కటే ఇడిసిన్రు.
చీటిల తొంభై రెండున్నర అని ఉంది,
అది ఆ డబ్బలనే ఉంది.

నిన్న దుకాణం మూస్తుంటె మెట్ల మీదికెల్లి అడిగిండు:
"అక్కా, ఎక్సరే ఎంతయితడు?"
గడియారం కాడ నాలుగు వందలన్న.
"ఇంత అయితడా" అని
లోపలికి వోయిండు.
ఊదుగొట్టం చప్పుడు మళ్ల మొదలయింది.