కనురెప్ప వెంట్రుక

రిజిస్టరు మొదటి పేజీలో నా చేతిరాతే:
"ఫిలమెంటు మార్చాం. వోల్టేజీ నిలవలేదు. మళ్లీ రేపు."
ఇరవై ఆరేళ్లలో ఆ చివరి రెండు మాటలు
ఎన్నిసార్లు రాశానో.

అలిపిరి వైపు బస్సు పోతే చాలు
తెర మీద కణం గోడ వణికేది.
మిషను కింద ఇసుక పోశాం, రబ్బరు పరిచాం,
చెన్నై ఇంజనీరు తల గోక్కొని బిల్లు ఇచ్చి వెళ్లాడు.
చివరికి చెంగల్రాయులే చెప్పినాడు:
"రాత్రి రెండింటికి ఊరు రవ్వంత ఊపిరి బిగబడతాది మేడమ్,
అప్పుడు తీయండి."
నా మంచి ఫోటోలన్నీ
రెండుకీ మూడుకీ నడుమ పుట్టినవే.

ముక్క కోయడం మాటలతో నేర్పలేం.
రెసిన్ దిమ్మలో బిగుసుకున్న ఆకు, పేగు, నరం
వజ్రపు కత్తి అంచు దాటి నీళ్ల మీదికి జారుతుంది,
తలవెంట్రుకను వెయ్యి పొరలు చేస్తే
అందులో ఒక్క పొరంత.
ఊదారంగులో మెరిస్తే మందం, పారేయ్.
వెండిరంగైతే ఊపిరి ఆపు.
దాన్ని రాగి జల్లెడ మీదికి తోయడానికి
ఏ కంపెనీ పనిముట్టూ పనికిరాలేదు,
అగ్గిపుల్ల కొసన అంటించిన
నా కనురెప్ప వెంట్రుక తప్ప.
తలనీలాలు బుట్టలకొద్దీ ఇచ్చే ఊళ్లో
నేనిచ్చింది అంతే.

పలమనేరు గంగులప్ప
బిస్కెట్ డబ్బాలో పట్టుపురుగులు తెచ్చాడు,
ఒళ్లంతా మిరియాల పొడి చల్లినట్టు మచ్చలు.
ఖర్చు ఏ ఖాతాలో వేయాలని ఆఫీసు అడిగింది.
నా పేరు రాశాను.

వారం తర్వాత ఆయన్ని చీకటిగదిలో కూర్చోబెట్టి
పచ్చటి తెర చూపించాను.
వడ్లగింజలాంటి బీజం, లోపల దారం,
పన్నెండు చుట్లు.
చాలాసేపు చూసి అన్నాడు:
"కండెకు చుట్టినట్టే ఉండాదే మ్మా.
మా పురుగు చుట్టాల్సిన దాన్ని
ఇదే చుట్టేసుకునింది."

మందుందా అన్నాడు.
లేదన్నాను. అన్నీ కాల్చేసి, షెడ్డు కడిగి,
గుడ్లు వేరే చోట తెచ్చుకోమన్నాను.
నలభై వేల రెట్లు పెద్దవి చేసి చూపేదాన్ని,
ఆయన అప్పులో ఒక్క రూపాయి చిన్నది చేయలేకపోయాను.

గడప దగ్గర ఆగి, డబ్బా మూత బిగిస్తూ:
"పక్క తోటాయన మందు కొట్టబట్టే చచ్చినాయని
రెండేండ్లుగా మాటల్లేవు మ్మా మాకు.
ఈ పొద్దే పోయి పలకరించల్ల."

ఆ ఫోటో ఏ పత్రికకూ పంపలేదు.

మొన్న వెండిరంగు ముక్క నీళ్ల మీద వణికింది.
టైము రెండున్నర. రోడ్డు మీద ఏ బస్సూ లేదు.
చెంగల్రాయులు నా చేతివైపు చూడకుండా
ఇంకో కుర్చీ లాగి
తహసీన్‌ని పిలిచాడు.
ఆ పిల్ల అగ్గిపుల్ల అందుకుంది.

నేను బయటికొచ్చి గేటు దగ్గర నిలబడ్డాను,
ఏదైనా బస్సొస్తే
చెయ్యెత్తి ఆపేదానిలా.