అరచేతి కొలత

నామ్‌లియా రేవులో నా కొట్టు.
గోడమీద బొగ్గుతో నేనే రాశాను:
కడుపుబ్బరానికి బొడ్డుచుట్టూ మూడు చుక్కలు,
పడిశానికి వేణ్ణీళ్ల ఆవిరిలో రెండు,
దోమ కుట్టినా, ఓడలో తల తిరిగినా
రుమాలుకి ఒక్కటి.
తాగొద్దు. కంట్లో పడనీయొద్దు.
రాయనిది ఒకటుంది:
సీసాకి ఎంత కిరసనాయిలు కలుపుతానో.

బురు కొండలమీద ఆ తెల్లకట్టె చెట్లు
ఒళ్లంతా కాగితాలు ఊడుతూ నిలబడతాయి,
వచ్చిన జాబులన్నీ చింపేసుకున్నట్టు.
కార్చిచ్చు వచ్చిపోతే
ముందు చిగిర్చేవి అవే.
దోర్కాస్ ముసలమ్మ ఆకు దూస్తుంది,
కొయ్యబానలో పోసి కాళ్లతో తొక్కుతుంది,
మొన్న ఉడికిన ఆకునే ఎండబెట్టి
ఇవాళ్టి పొయ్యిలో పెడుతుంది.
ఆకుని ఆకే ఉడికిస్తుంది అక్కడ.
తెల్లారేసరికి నీళ్లమీద లేతపచ్చగా
వేలెడు మందాన నూనె.
నా దగ్గరికొచ్చాక అది రెండు వేళ్లవుతుంది.

ఆ రాత్రి మా వా నీమాకి దగ్గు.
నాలుగేళ్ల పిల్ల. ఊపిరి తీస్తే
లోపలెవరో తడిగుడ్డ చింపుతున్న చప్పుడు.
నర్సు మాత్రలిచ్చి వెళ్లింది,
ఛాతీకి కాస్త నూనె రాయమంది.
"ఏ సీసా మంచిది?" అంది సఫియా.

నలభై ఉన్నాయి.
ఒక్కొక్కటీ దీపం ముందు కుదిపి చూశాను.
అసలుదైతే నురగ చటుక్కున చస్తుంది.
నా నురగలన్నీ
నన్నే చూస్తూ నిలబడ్డాయి.
వాసన చూద్దామంటే
పదకొండేళ్లుగా నా ముక్కుకి రెండూ ఒకటే.

చీకట్లో కొండెక్కాను.
బట్టీ దగ్గర ముసలమ్మ మేలుకునే ఉంది.
సీసా చాపితే అందుకోలేదు,
నా చెయ్యి లాక్కుని మూచూసింది.
"దీపం వాసన," అంది,
తిట్టినట్టు కాదు,
ఆకు ముదిరిందో లేదో చెప్పినట్టు.
"సీసా వద్దు. అరచెయ్యి పట్టు."

గుప్పిట మూసుకుని దిగాను.
రాయి తగిలి పడ్డాను, మోకాలు చీరుకుపోయింది,
గుప్పిట తెరవలేదు.
సగం గాలి తాగింది, సగం నా చర్మం తాగింది.
గడప దాటేసరికి చేతిలో తడి లేదు.
మంట ఉంది. చల్లటి మంట.
ఆ చేతినే పిల్ల గుండెమీద పెట్టి కూర్చున్నాను.

ఎప్పుడు నిద్రపోయిందో తెలీదు.
మాత్ర పనిచేసిందో, నూనె పనిచేసిందో,
బరువుగా ఒక చెయ్యి ఆనుకుని ఉండటమే చాలిందో.

పొద్దున రేవులో కూత.
నలభై సీసాలు. ఓడ పదింటికి.
తలుపు తీస్తే మొదటి బేరం,
చంకలో బిడ్డతో ఒక కుర్రాడు,
గోడమీది అక్షరాలు కూడబలుక్కుని చదివి
అడిగాడు:
"చంటిపిల్లలకి కూడా రాయొచ్చా?"