పేరు తీసిన చోట

ఆదివారం నాకు బుకింగ్ కౌంటర్ సెలవు.
ఉగ్గాని పొట్లం, నిండా ఛార్జింగ్ పెట్టిన ఫోను,
సంతకాల కాగితాలు రెండు తీసుకుని
ఆదోనిలో పత్తిమిల్లుల వెనక సందులోకి పోతాను.
ఈ పనికి జీతం లేదు. ఎవరూ పొమ్మనలేదు.
నాకు ముప్పై నాలుగు.
ఆడదాన్ని ప్రేమించిన ఆడది
డెబ్బై ఏండ్లకు ఎట్లుంటుందో
ఎన్నడూ చూడలేదు. అందుకు.

మాబున్నవ్వ ముందు ఉగ్గాని తింటుంది.
బజ్జీలో మిరపకాయ తీసి నా చేతిలో పెడుతుంది.
తర్వాతే మాట.
గుడ్డపీలికలు ఒళ్లో పోసుకుని
బొంత కుడుతూనే చెప్తుంది.
సూది గుడ్డలో దూరేటప్పుడు మాట ఆగుతుంది,
దారం లాగేటప్పుడు వస్తుంది.
ఫోనును బియ్యం డబ్బా మీద పెట్టించింది.
"కింద పెడితే నా మోకాళ్ల మూలుగు ఇంటాది."

జిన్నింగు ఫ్యాక్టరీలో
ఇద్దరూ ఎదురెదురు మిషన్ల కాడ.
గాలంతా దూది. రెప్పలకు దూది, ముక్కుపుడకకు దూది.
"ఇరవై రెండేండ్లకే తెల్లెంటికల ముసలోళ్లం అయితుంటిమి పాపా.
సైరన్ కూస్తే కొళాయి కాడికి పోయి మళ్ల పడుచోళ్లం.
ఆడ్నే చూసినా దాన్ని.
దూది కడుక్కుంటే మొగం బయటపడె.
అంతే. ఇంకేముంది చెప్పేకి."
ఇంకో రెండు గంటలు చెప్పింది.

ముప్పై ఒక్క ఏండ్లు ఒకటే గది.
ఈమె దూదేకుల, ఆమె బోయ.
అడిగినోళ్లకు అక్కచెల్లెండ్లమని చెప్పిరంట.
"ఎట్ల నమ్మిరి అవ్వా?"
"నమ్మకుంటే ఇంకోటి ఆలోచించాల కదా.
ఎవరికుండాది తీరిక?"

నా కాగితంలో ఒక గడి:
ఆమె మీకు ఏమవుతారు?
పట్నం నుంచి వచ్చిన మాటలు మూడు చదివి వినిపించాను.
"మందుల పేర్ల మాదిరుండాయి" అనింది.
శానాసేపు సూది ఆపి,
"జత అని రాయి.
ఎద్దుకైనా చెప్పుకైనా అదే మాట.
ఒకటి పోతే రెండోదాన్ని
ఎవరూ ఏం చేసుకోలేరు."

ఐదో ఆదివారం,
సిరా పూసిన బొటనవేలు
కాగితం మీదికి రాకుండా గాల్లోనే ఆగింది.
"దాని పేరు తీసెయ్.
బతికుంటే అడుగుదును. ఊ అనేదో, ఊహూ అనేదో.
సచ్చిన దాని తరఫున నేను ఊ అనేకి లేదు.
నా పేరు ఉండనీ. నాకు నేను ఊ అంటుండా."
అప్పుడు దిగింది వేలు.

రాత్రి చెవులకు తగిలించుకుని
పేరు వచ్చిన చోటల్లా కోసుకుంటూ పోయాను.
నలభై మూడు చోట్ల.
కొన్నిచోట్ల పేరుతోపాటు ఊపిరీ తెగింది.
ఒకచోట నవ్వు తెగకూడదని
గంటసేపు కిందామీదా పడ్డాను.
నాకు తెలీనిది ఏమంటే,
తీసేసిన పేరు అన్నిచోట్లా ఒకే పొడుగుండదు.
కోపంలో పిలిచింది చిటికెడు.
ఆమెకు జ్వరమొచ్చిన రాత్రి పిలిచింది
ఈ సందు ఆ కొస నుంచి ఈ కొస దాకా.

ఇంక మిగిలింది మేక.
ఆమె పోయిన ఏడాదికి సంతలో కొన్న నల్లమేక.
ప్రతి ఆదివారమూ మాట మధ్యలో దూరి
నా కాగితాలు కొరికేది.
అవ్వ అరిచేది, అదే పేరు పెట్టి,
సిగ్గులేదా నీకు, ఇంటికొచ్చిన పిల్ల పేపర్లు తింటావా అని.
అట్లాంటివి పదకొండు.

సోమవారం కౌంటర్ తెరవకముందే
పక్కింటోళ్ల ఫోనుకు చేసి అడిగాను,
వాటినీ కోసేదా అని.
అవతల ఏమీ వినబడలేదు.
సూది గుడ్డలో ఉందనుకున్నా.
తర్వాత దారం లాగినట్టు,
"అది మేక పేరు కదా పాపా.
ఇప్పుడే మేకను అడిగినా.
ఊ అనింది.
ఉండనీ."